ఎవర్ని అడగాలి అమ్మమ్మా?

అమెరికాలో పాత ఫర్నిచర్ వదిలించుకోవాలంటే ఒక ఫోన్ చేస్తే చాలు. లారీ వచ్చి ఇంటి ముందు డ్రైవ్‌వేలో పెద్ద ఇనప తొట్టె దింపి వెళ్లిపోతుంది. దాన్ని డంప్‌స్టర్ అంటారు. ఇళ్లవాళ్లు ఎక్కువగా తీసుకునేది 20 ఘనపు గజాల సైజు. సుమారు 22 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, మనిషి ఛాతీ ఎత్తు ఉంటుంది. వారం, పది రోజులు ఉంచుతారు. రెండు మూడు టన్నుల దాకా బరువు అద్దెలోనే కలిసి ఉంటుంది, దాటితే టన్నుకి ఇంత అని అదనంగా కట్టాలి. సామాను అంచు దాటి పైకి రాకూడదు. కింద సిమెంటు పగలకుండా చెక్కలు వేయించుకోవాలి. రోడ్డు మీద పెట్టాలంటే మామూలుగా ఆ ఊరి మున్సిపాలిటీ పర్మిట్ ఉండాలి. పెయింటు డబ్బాలు, బ్యాటరీలు, టైర్లు వేయనివ్వరు. ఫ్రిజ్ అయితే ముందు అందులోని గ్యాస్ తీయించాలి. పరుపులకు చాలాచోట్ల వేరే డబ్బు. మసాచుసెట్స్‌లో 2022 నవంబర్ నుంచి పరుపును చెత్తలో వేయడమే నిషేధించారు.

ఈ రూల్స్ అన్నీ మా అమ్మాయికి నోటికి వచ్చు. న్యూజెర్సీలో మేం ఇల్లు మారినప్పుడు ఆ పనంతా తనే చూసుకుంది. ఉంచుకునేవి, ఇచ్చేసేవి, పారేసేవి అని మూడు వరుసలతో కంప్యూటర్‌లో పట్టిక తయారుచేసింది. దాని ప్రకారం సోఫా, తమ్ముడి చదువుకునే బల్ల, మేం కొత్తగా వచ్చినప్పుడు కొన్న మంచం అన్నీ ఆ తొట్టెలోకి వెళ్లాయి. మా వాడు ఆ రోజంతా ముభావంగా ఉన్నాడు. బల్ల వెనక వాడు అతికించిన స్టిక్కర్లు ఉండేవి. అయినా ఎవరూ ఆపలేదు. ఇల్లు అప్పజెప్పాల్సిన తేదీ దగ్గర పడింది, బల్ల అట్ట చెక్కది, మరలు ఒకసారి విప్పితే మళ్లీ పట్టు దొరకదు. దానం తీసుకునే సంస్థలు కూడా అలాంటివి వద్దంటాయి.

ఈ వేసవిలో శ్రీకాకుళం వెళ్లాం. గుజరాతీపేటలో అమ్మ ఇల్లు ఖాళీ చేసి, ఆవిడ విశాఖపట్నంలో అన్నయ్య దగ్గరికి వెళ్లాలి. పిల్లలకు ఆ ఇల్లంటే ప్రాణం. పని మొదలవుతుందనగానే మా వాడు అమ్మమ్మ దగ్గరికి వెళ్లి, డంప్‌స్టర్ ఎప్పుడొస్తుందని అడిగాడు. అదేంటో వాడే వివరంగా చెప్పాడు.

అమ్మ అంతా విని, "మరి ఎవర్నీ అడగరేటి?" అంది.

"ఎవర్ని అడగాలి అమ్మమ్మా? అవి మనవే కదా."

అమ్మ వాణ్ణి పక్కన కూచోబెట్టుకుని ఒక్కో వస్తువూ చూపిస్తూ చెప్పడం మొదలుపెట్టింది. ఆ నవారు మంచం మీ తాతయ్య వాళ్లమ్మది, దాని సంగతి మీ తాతయ్య చెల్లెల్ని అడగాలి. ఆ పడక్కుర్చీ తాతయ్యదే అయినా, తాతయ్య పోయాక దాని మీద రోజూ కూచుని పేపరు చదువుకునేది పక్కింటి మాస్టారు, ఆయనకు చెప్పాలి. ఆ భోషాణం నా సారెలో వచ్చింది, నా చెల్లెళ్లను అడక్కుండా దాన్ని గడప దాటించకూడదు. వంటింట్లో జాలీ బీరువా మీ అమ్మ పుట్టినప్పుడు చేయించాం, దానికి మీ అమ్మా మావయ్యా ఒప్పుకోవాలి.

మా అమ్మాయి లాప్‌టాప్ తెరిచి పాత పట్టికలో నాలుగో వరుస చేర్చింది. ఎవర్ని అడగాలి అని దానికి పేరు పెట్టింది. రెండు రోజుల్లో ఆ వరుస నిండా పేర్లే. అందులో సగం మందిని మా పిల్లలు పెళ్లి ఫొటోల్లో తప్ప చూడలేదు. ఫోన్లు చేసింది కూడా వాళ్లే. తాతయ్య చెల్లెలు మంచం సంగతి వదిలేసి, ఏం తింటున్నారు, ఎంత పొడుగు పెరిగారు, తెలుగు ఇంత బాగా ఎలా వచ్చిందని అరగంట మాట్లాడింది. ఎన్నో ఏళ్లుగా నేను బతిమాలి చేయించే పండగ ఫోన్లలో రాని చనువు ఆ ఒక్క మంచం వల్ల వచ్చింది. మాట్లాడడానికి ఒక పని ఉంటే పిల్లలు చుట్టాలతో ఎంత తేలిగ్గా కలుస్తారో అప్పుడు చూశాను. ఊరికే "హాయ్ చెప్పు" అని ఫోన్ చేతిలో పెడితే వాళ్లేం మాట్లాడతారు?

వడ్రంగి వచ్చాడు. వయసైన మనిషి, మా ఇంటి తలుపులు వాళ్ల నాన్న చేసినవి. భోషాణం మీద గోరుతో గీసి చూసి, "ఇది పనస కర్ర పాపా. సెద తొందరగా పట్టదు. కాళ్లు పాడైపోనాయి గానీ పైదంతా బాగానే ఉంది. కాళ్లు మార్సీస్తే మరో తరం వాడుకోవచ్చు" అన్నాడు. మా వాడికి అది నమ్మశక్యం కాలేదు. పనస అంటే వాడికి పండే. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేది కూడా ఆ కర్రతోనే అని చెబితే భోషాణాన్ని వేళ్లతో కొట్టి చాలాసేపు విన్నాడు.

భోషాణం చేసిన ఆ పనస చెట్టు అమ్మ పుట్టింటిది, ఉద్దానం ప్రాంతంలోని కవిటిలో. అక్కడి తోటల గురించి పిల్లలకు నేను చాలా చెప్పాను. కానీ 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి, పనస చెట్లు ఎన్నో వేళ్లతో సహా లేచిపోయాయి. మా తాతగారి తోటలో పెద్ద చెట్లేవీ మిగల్లేదు. ఆ తోటది ఇప్పుడు మా దగ్గరున్నది ఈ భోషాణం ఒక్కటే. ఈ మాట అమ్మ చెబుతున్నప్పుడు మా అమ్మాయి పట్టికలో "పారేసేవి" వరుస నుంచి దాన్ని తీసేసింది. తీసేయమని నేను చెప్పలేదు.

అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ లెక్క ప్రకారం 1960లో ఆ దేశంలో చెత్తగా మారిన ఫర్నిచర్ 22 లక్షల టన్నులు. 2018 నాటికి అది 1 కోటి 21 లక్షల టన్నులైంది. అందులో 80 శాతం నేరుగా భూమిలో పూడ్చేశారు. ఇది మా పిల్లలకు చూపించాను. ఎవరికీ మనసు లేక ఇలా జరుగుతోందని నేను అనుకోను. చుట్టం ఊళ్లో లేనిచోట, చెక్క పొట్టూ జిగురూ కలిపి చేసిన బల్లను ఎవరికి ఇస్తాం? ఎవరింటికి మోసుకెళ్తాం? అక్కడా ఇంటి ముందు "ఫ్రీ" అని రాసి పెట్టేవాళ్లున్నారు. 2013లో వాషింగ్టన్ రాష్ట్రంలో మొదలైన బై నథింగ్ గ్రూపుల్లో ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒకరికొకరు మంచాలు ఇచ్చుకుంటారు. నాకు అది ఎంతో గౌరవించదగ్గ పని అనిపిస్తుంది.

అక్కడ నేర్చుకున్నది ఇక్కడ పనికొచ్చిన సందర్భమూ ఉంది. కాలు విరిగిన మడత మంచాన్ని ఇంట్లో పనిచేసే ఆవిడకు ఇచ్చేద్దామని చుట్టాలు అన్నారు. మా అమ్మాయి ఒప్పుకోలేదు. "విరిగిందిస్తే దాన్ని బాగుచేయించే ఖర్చు ఆవిడ నెత్తిన పడుతుంది కదా అమ్మా. చిరిగినవి, విరిగినవి దానం తీసుకోరని అక్కడ బోర్డు మీదే రాసి ఉంటుంది" అంది. నేరుగా ఆవిడనే అడిగింది, అత్తా నీకు ఏది కావాలి అని. ఆవిడ కాస్త మొహమాటపడి జాలీ బీరువా కావాలంది. అన్నయ్యకు ఫోన్ చేశాం, వెంటనే సరే అన్నాడు. నాకు దాని మీద మమకారం ఉంది, అయినా అది వాడే ఇంటికి వెళ్లడమే నాకూ నచ్చింది.

ఇనప సామాన్లు ట్రాలీ ఆటోవాడు కేజీల లెక్కన తూచి తీసుకెళ్లాడు. పుచ్చిపోయిన బల్లలు, పీటలు వీధి కుర్రాళ్లు అడిగి పట్టుకెళ్లారు, భోగికి దాచుకుంటారట. మన వైపు భోగి మంటకు ఎన్నో రోజుల ముందు నుంచే కర్రలు పోగేస్తారు. పిల్లలు సంక్రాంతి ఎప్పుడూ ఇక్కడ చూడలేదు, స్కూలు సెలవులు కుదరవు. తాతయ్య బల్ల ఏ మంటలో కాలుతుందో వీడియో పంపమని మా వాడు ఆ కుర్రాళ్లకు నంబర్ ఇచ్చాడు.

అందర్నీ అడుగుతూ పోతే ఏ పనీ తెగదన్నది కూడా నిజం. ఎవరో ఏదో అనుకుంటారని అమ్మ ఆ ఇంట్లో ఒక గది నిండా ఎవరూ వాడని సామాన్లు ఉంచుకుని, ఏళ్ల తరబడి మోకాళ్ల నొప్పులతో దుమ్ము దులిపింది. ఈ నెల ఇరవై లోపు జవాబు చెప్పకపోతే మేమే నిర్ణయిస్తామని మా అమ్మాయి ఫ్యామిలీ గ్రూపులో తేదీ పెట్టినప్పుడు ఒకరిద్దరు నొచ్చుకున్నారు. అమ్మకు మాత్రం టెన్షన్ తగ్గింది. ఆ గది ఖాళీ అయిన రోజు తలుపులన్నీ తీసి పెట్టుకుంది.

భోషాణం సంగతి ఇంకా తేలలేదు. మా అమ్మాయి కొలిచి చూస్తే అది అన్నయ్య అపార్ట్‌మెంట్ లిఫ్టులో పట్టదు. పెద్ద పిన్ని చిన్న పిన్నికి ఇమ్మంటోంది, చిన్న పిన్ని పెద్ద పిన్నికి ఇమ్మంటోంది, ఇద్దరికీ కావాలని ఇద్దరి గొంతులోనూ తెలుస్తోంది. కొత్త కాళ్లు వేసి వడ్రంగి తన షెడ్డులోనే ఉంచాడు. ఆదివారం పొద్దున్నే లేచి పిన్నులిద్దరికీ ఫోన్ చేసేది మా అమ్మాయే. పోయిన వారం చిన్న పిన్ని, మీ పెద్ద మామ్మకు మెట్లెక్కే ఇల్లు కదా, నా దగ్గర ఉంచుకుంటే ఏమంటుందో కనుక్కో అందట.