ఎలుక జన్యువుల ప్రశ్నలు: పని కంటే ముందు చోటు చూడండి

సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్ పరీక్ష రాసే మిత్రులకు ఒక మాట. పార్ట్ సి లో ఒక్కో ప్రశ్నకు 4 మార్కులు, తప్పయితే పావు వంతు కోత. 75లో 25 ఏరుకోవాలి. నేను ధైర్యంగా ఏరుకున్నవి ఎలుక మ్యుటెంట్ల (జన్యువులో మార్పు వచ్చిన ఎలుకల) ప్రశ్నలు. చాలామంది జన్యువు పేరు, పక్కన దాని పని పట్టిక వేసి బట్టీ పడతారు. నేను మాత్రం ఆ ప్రోటీన్ ఎక్కడుంటుందో ముందు రాసుకునేదాన్ని.

లెప్టిన్ అనే హార్మోన్ సంగతే చూడండి. ఎలుకలో ఈ జన్యువు 6వ క్రోమోజోమ్ మీద ఉంది. ప్రోటీన్‌లో 167 అమైనో ఆమ్లాలు. మొదటి 21 సిగ్నల్ పెప్టైడ్, అంటే ప్రోటీన్‌ను బయటికి పోయే దారి పట్టించే ముక్క. అది తెగిపోయాక మిగిలేవి 146. సిగ్నల్ పెప్టైడ్ ఉంది, పొరలో నిలబెట్టే భాగం లేదు. అంటే కణం బయటికి పోయే సరుకే. కొవ్వు కణం నుంచి రక్తంలోకి, అక్కణ్ణుంచి మెదడులోని హైపోథాలమస్‌కు వెళ్లి ఆకలి తగ్గిస్తుంది.

లెప్టిన్‌ను అందుకునే రిసెప్టర్ అలా కాదు, కణం చుట్టూ ఉండే ప్లాస్మా పొరలోనే ఉంటుంది. లోపలి తోక పొడవుగా ఉన్న రూపం జాక్2 అనే ఎంజైమ్ ద్వారా స్టాట్3 అనే ప్రోటీన్‌ని కేంద్రకంలోకి పంపుతుంది. ఓబీ, డీబీ అని రెండు రకాల లావు మ్యుటెంట్ ఎలుకలున్నాయి: ఓబీలో చెడింది లెప్టిన్ జన్యువు, డీబీలో రిసెప్టర్ జన్యువు. డీబీ ఎలుకలో స్ప్లైసింగ్ (ఆర్ఎన్ఏ ముక్కల అతుకు) చెడి ఆ తోకే కురచైపోతుంది. ఓబీ ఎలుకలో 105వ కోడాన్ దగ్గర స్టాప్ పడి, పనికొచ్చే లెప్టినే ఉండదు. కాబట్టి లెప్టిన్ ఇంజెక్షన్ ఇస్తే ఓబీ బరువు తగ్గుతుంది, డీబీ తగ్గదు.

ఇక పారాబయోసిస్, అందరికీ టెన్షన్ పెట్టేది. జాక్సన్ లాబొరేటరీలో డగ్లస్ కోల్‌మన్ రెండు ఎలుకల రక్తప్రసరణను కలిపారు. డీబీని ఓబీతో కలిపితే ఏమవుతుంది? రక్తంలో ఉన్నది అటూ ఇటూ దాటుతుంది, పొరలో ఉన్నది దాటదు. డీబీ రక్తంలో లెప్టిన్ దండిగా ఉంది, ఆ కబురును కణం లోపలికి పంపే పొడవు తోక రిసెప్టర్ దానికి లేదు. ఓబీకి రిసెప్టర్ బాగానే ఉంది. అందుకే ఓబీ తిండి మానేసి చిక్కి చనిపోయింది, డీబీ తింటూనే ఉంది. ఓబీ జన్యువును జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం క్లోన్ చేసింది 1994లో. రక్తంలో తిరిగే పదార్థం ఏదో ఉందని కోల్‌మన్ అప్పటికి ఇరవై ఏళ్ల ముందే తేల్చారు! జన్యువు పేరు తెలియకుండానే ఆయన విప్పిన చిక్కు, పేర్లన్నీ ఇచ్చాక మనం విప్పలేమా?

ఆప్షన్లలో ఇంకో సంగతి గమనించండి. ఎలుక జన్యువు పేరులో మొదటి అక్షరమే పెద్దది, ఇటాలిక్స్‌లో ఉంటుంది. ప్రోటీన్ అయితే అన్నీ పెద్దక్షరాలు, నిటారుగా. మనిషి జన్యువుకూ అన్నీ పెద్దవే, కానీ ఇటాలిక్స్.

తర్వాత యూసీపీ1 అనే ప్రోటీన్ పట్టుకోండి. గోధుమరంగు కొవ్వు కణాల్లో మైటోకాండ్రియా లోపలి పొరలో ఉంటుంది. అది లేని ఎలుకను ఉన్నట్టుండి చలిలో పెడితే ఏమవుతుందో ఈ ఒక్క సమాచారంతో రాసి చూడండి.