ఏడడుగుల స్లాషర్‌తో ఊరు చేరాం

జీడితోటలో పిక్కలు ఏరాలంటే ముందు నేల కనిపించాలి. మొంథా తుపాను వానలు వెలిశాక వెళ్లి చూస్తే తుప్పలు నడుం దాటి పెరిగిపోయాయి. మార్చి వచ్చేసరికి పిక్కలు రాలతాయి. తుప్పల్లో పడ్డవి ఇక ఉడతలకే. తొమ్మిదెకరాలు కత్తులతో కొట్టించడానికి మనుషులు దొరక్క మూడేళ్లయింది. అందుకే నవంబరులో ఒక బుధవారం పొద్దున్న నేనూ మా బావమరిదీ పద్మనాభంలో బస్సెక్కి విశాఖపట్నం బయల్దేరాం. ట్రాక్టరూ, దాని వెనక తగిలించుకుని గడ్డీ తుప్పలూ కోసే ఏడడుగుల స్లాషరూ కొని, వాటి మీదే తిరిగి రావాలని.

ట్రాక్టర్ దగ్గర పెద్దగా ఆలోచించలేదు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది, ఎలాగూ తుప్పలు కొట్టే రోజులొచ్చాయి. 49 హార్స్‌పవర్ అని ఇంట్లోనే అనుకున్నాం. 50 దాటిందంటే 2023 నుంచి కొత్త పొగ నిబంధనల ఇంజనే పెట్టాలి, ధర ఒక్కసారిగా ఎక్కి కూర్చుంటుంది. లోను కాగితాల మీద ఎన్ని సంతకాలు పెట్టానో నాకే తెలీదు, ఆ కథ వదిలేద్దాం.

తిప్పలన్నీ స్లాషర్‌తోనే. “ఏడడుగులది రెడీగా ఉంది, వచ్చేయండి” అని ఫోన్లో చెప్పిన షాపులో తీరా చూస్తే ఉన్నది ఐదడుగులది. పైగా అక్కడి కుర్రాడు “రోటావేటర్ తీసుకోండి సార్, అందరూ అదే తీసుకుంటున్నారు” అని ఒకటే పోరు. రోటావేటర్ మట్టిని తిరగేస్తుంది. జీడిచెట్టుకి తిండి లాగే వేళ్లు పైపైనే ఉంటాయి, వాటిని తెంపుకోవడానికి డబ్బులిచ్చి మరీ మిషన్ కొనాలా? పైగా మాది కొండవాలు. గుల్ల చేసి వదిలితే ఒక్క వానకి మట్టంతా గెడ్డలో ఉంటుంది. నాకు కావలసింది నేల జోలికి పోకుండా పైనున్నది కోసేది. ఐదడుగులది ఎందుకు వద్దన్నానంటే, ట్రాక్టర్ వెనక చక్రాల ఈ బయటి అంచు నుంచి ఆ బయటి అంచుకే ఇంచుమించు ఆరడుగులు. చక్రం తొక్కిన గడ్డి పడుకుంటుంది, కత్తికి అందదు, మర్నాటికి మళ్లీ లేచి మనల్నే చూస్తుంది.

చివరికి గాజువాక ఆటోనగర్‌లో ఒక సందులో దొరికింది. షెడ్డు చిన్నది, మెకానిక్ పెద్దాయన. “అడుక్కి అయిదు హార్స్‌పవర్ లెక్కేసుకోండి బాబూ, ఏడడుగులకి ముప్పై అయిదు. మీ బండి పీటీవో దగ్గర, అంటే వెనక మిషన్‌ని తిప్పే చోట, నలభై దాకా ఇస్తది. పర్లేదు, లాగుతాది” అన్నాడు. ఆ మాటతో నా టెన్షన్ సగం తగ్గింది.

స్లాషర్‌ని మూడు పిన్నులకీ తగిలించాక, ఇంజను బలాన్ని కత్తులకి అందించే పీటీవో షాఫ్ట్ పట్టుకొచ్చాడు. కొత్త షాఫ్ట్ కావాలనే పొడుగ్గా వస్తుందట, ఏ ట్రాక్టర్‌కి ఆ కొలత కోసుకోవాలి. రెండు ముక్కలూ విడదీసి, ఒకటి ట్రాక్టర్‌కీ ఒకటి స్లాషర్‌కీ పెట్టి పక్కపక్కన పట్టుకున్నాడు. స్లాషర్‌ని ఎత్తే లిఫ్ట్‌ని పైకి, కిందకి, మళ్లీ పైకి ఆడించాడు. రెండూ బాగా దగ్గరకొచ్చిన చోట సుద్దముక్కతో గీత. ఆ గీత మీద కాదు, రెండు వేళ్లు ఇవతల గ్రైండర్ పెట్టాడు. గొట్టం కోశాక దానిమీద ప్లాస్టిక్ తొడుగు కూడా అంతే కోశాడు. ఆకురాయితో అంచులు నున్నగా చేసి, గ్రీజు రాసి, ఒకదాన్లోకి ఒకటి తోస్తే మెత్తగా జారింది. “కోయకుండా ఎక్కించేస్తారు కొందరు. లిఫ్ట్ లేపగానే షాఫ్ట్ వెళ్లి గేర్‌బాక్స్‌ని పొడిచేస్తాది” అన్నాడు. వచ్చేటప్పుడు పాలిథిన్ కవర్లో పది బోల్టులు పోసి చేతిలో పెట్టాడు. షాఫ్ట్‌కి వేసే బోల్టులివి. రాయి తగిలితే మిగతావేవీ విరక్కుండా ముందు ఇది తెగాలి, అందుకే మెత్తగా చేస్తారట. “ఊళ్లో దొరికిందని గట్టి బోల్టు ఎయ్యొద్దు బాబూ.” పది ఎందుకులే అనుకుని జేబులో వేసుకున్నాను.

రాత్రి గోపాలపట్నంలో మా చెల్లి ఇంట్లో పడుకున్నాం. సందులో సగం మా బండే. తెల్లారి నాలుగున్నరకి స్టార్ట్ చేస్తే వీధంతా లేచింది. స్లాషర్ చక్రాలకి అటూ ఇటూ చెరో అర అడుగు బయటికి ఉంది. చెల్లి పాత ఎర్ర జాకెట్టు చింపి రెండు మూలలా కట్టింది.

ట్రాఫిక్ మొదలవకముందే ఎన్‌ఏడీ, కంచరపాలెం, తాటిచెట్లపాలెం దాటేశాం. బావమరిది డ్రైవింగ్, నేను మడ్‌గార్డు మీద. ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి ముందుకి చేరేసరికి అప్పటికే ఓ కారు, నాలుగు బైకులు, ఓ ఆటో వరసలో ఉన్నాయి. ఈ ఊళ్లో కొత్త బండి అక్కడికి రాకుండా ఇంటికి పోదు. పూజారిగారు బానెట్‌కి బొట్టు పెట్టి వెనక్కొచ్చి ఆగారు. “ఇదేంటయ్యా?” “గడ్డి కోసేది స్వామీ.” ఒక్క క్షణం ఆలోచించి దానికీ పసుపు రాశారు. నేను నాలుగు నిమ్మకాయలే తెచ్చాను. స్లాషర్ వెనక చిన్న చక్రం కూడా ఉందని మా బావమరిదికి గుర్తొచ్చింది. పరిగెత్తి అయిదోది తెచ్చి, స్లాషర్ కిందికి దించి మరీ దానికింద పెట్టాడు. ముందుకి కదిపితే నాలుగూ చితికాయి, అయిదోది పక్కకి దొర్లిపోయింది. వాడి మొహం చూడాలి.

హనుమంతవాక దాటాక ఎడమ చేతివైపు కంబాలకొండ మీద ఇంకా మంచు ఉంది. మధురవాడ దగ్గర మాత్రం ప్రాణం పోయినంత పనైంది. స్కూలు బస్సులు, వాటి మధ్యనుంచి బైకులు. బైకువాడికి ట్రాక్టర్ చక్రం కనిపిస్తుంది, దాని వెనక ఇంకో అర అడుగు ఇనుము ఉందని తెలీదు. వెనక్కి తిరిగి కూర్చుని ఒక తువ్వాలు ఊపుతూనే ఉన్నాను, మెడ పట్టేసింది. ఆనందపురంలో ఆగి టీ తాగి, రాత్రి వేసిన దండ అప్పుడే వాడిందని బావమరిది ఇంకో బంతిపూల దండ కొన్నాడు. అక్కణ్నుంచి విజయనగరం రోడ్డు, హాయి. పద్మనాభం కొండ కనిపించేసరికి పది దాటింది.

అన్నం తినమంటే వినలేదు, తిన్నగా తోటలోకే. మొదటి వరస కోస్తుంటే వెనక ఏడడుగుల దారి పరుచుకుంటూ వచ్చింది, చక్రాల జాడ కూడా లేదు. రెండో వరస చివర ఠంగుమని శబ్దం. ఇంజను ఆడుతూనే ఉంది, కత్తులు ఆగిపోయాయి. తుప్పలు చేత్తో తప్పించి చూస్తే రీసర్వేలో పాతిన సరిహద్దు రాయి. పాతిన రోజు నేను పక్కనే నిలబడ్డాను. కత్తి వెనక్కి మడుచుకుని ఊరుకుంది, దానికి చిన్న నొక్కు తప్ప ఏమీ కాలేదు. బోల్టు మాత్రం కోసినట్టు రెండు ముక్కలు.

“అయిదో నిమ్మకాయ నలగలేదు బావా, అప్పుడే అనుకున్నా” అన్నాడు బావమరిది, స్పానర్ వెతుకుతూ. జేబులోంచి కవరు తీశాను. ఒకటి బిగించాక తొమ్మిది మిగిలాయి.