సన్నని ఒంటికి కుదిరే చొక్కా: ఇప్పటివరకు సాగిన పని

నా ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, ఛాతీ 35 అంగుళాలు, నడుము 29, భుజాల వెడల్పు 17. దుకాణంలో ఛాతీకి సరిపోయే చొక్కా తీసుకుంటే భుజాల దగ్గర పట్టేస్తుంది, భుజాలకు సరిపోయేది తీసుకుంటే నడుము దగ్గర సంచిలా వేలాడుతుంది. సన్నగా, పొడుగ్గా ఉండేవారిలో చాలామందికి ఈ చిక్కు తెలిసినదే. కుట్టు బాగుండి, ఒంటికి కుదిరే చొక్కాల కోసం కొంతకాలంగా శ్రద్ధగా చేస్తున్న ప్రయత్నం ఎంతవరకు వచ్చిందో కొలతలతో సహా రాసి పెడుతున్నాను.

ముందుగా సైజు అంకెల సంగతి తేల్చుకోవలసి వచ్చింది. మన దగ్గర అమ్మే ఫార్మల్ చొక్కాల మీద 38, 39, 40, 42 అని ఉంటే అది చాలా కంపెనీల లెక్కలో సెంటీమీటర్లలో కాలర్ చుట్టుకొలత. మరికొన్ని కంపెనీల చొక్కాల మీద అదే అంకె ఛాతీని అంగుళాల్లో చెబుతుంది. అందుచేత అంకెను పక్కన పెట్టి టేపునే నమ్ముతున్నాను. గుండీలన్నీ పెట్టిన చొక్కాను బల్ల మీద పరిచి, ఒక చంక కింది నుంచి రెండో చంక కిందికి కొలిచి రెట్టింపు చేస్తే చొక్కా ఛాతీ కొలత తెలుస్తుంది. ఒంటి కొలతకు 4 అంగుళాలు కలిపితే నాకు 39 చాలు. స్లిమ్ ఫిట్ అని రాసి ఉన్నవాటిలో కూడా 42 కొలిచిన చొక్కాలు కనిపించాయి.

రెడీమేడ్ కొనేటప్పుడు భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర కూర్చుంటేనే తీసుకుంటున్నాను, ఎందుకంటే నడుమును తరువాత తగ్గించవచ్చు కానీ, భుజం సరిచేయాలంటే చేతులు విప్పి మళ్ళీ కుట్టాలి, ఆ ఖర్చుకు ఫలితం దక్కడం అరుదు. పక్క కుట్లలో ఒక్కోవైపు అర అంగుళం లోపలికి తీస్తే చుట్టుకొలతలో 2 అంగుళాలు తగ్గుతాయి. అంతకు మించి తగ్గించాలంటే వీపున రెండు డార్ట్‌లు, అంటే గుడ్డను లోపలికి మడిచి వేసే నిలువు కుట్లు, వేయించడం మేలు. అన్నీ పక్కలనుంచే లాగితే జేబు చంకవైపుకు జరిగినట్టు కనిపిస్తుంది, చెయ్యి మొదట్లో గుడ్డ ముడతలు పడుతుంది.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది చంక లోతు. దీని గురించి దుకాణాల్లో ఎవరూ మాట్లాడరు. రెడీమేడ్ చొక్కా ఎక్కువమందికి పట్టాలి కాబట్టి చంకను లోతుగా కత్తిరిస్తారు. సన్నని మనిషి దాన్ని తొడుక్కుని బస్సులో పై కడ్డీ పట్టుకుంటే చెయ్యితో పాటు చొక్కా మొత్తం లేచి, ప్యాంటులోంచి బయటికి వస్తుంది. చంక ఒంటికి దగ్గరగా, పైకి ఉంటే చెయ్యి మాత్రమే కదులుతుంది, చొక్కా ఉన్నచోటే ఉంటుంది. బిగుతుగా ఉన్న చొక్కాలోనే చెయ్యి ఆడదని అందరూ అనుకుంటారు గాని, చంక విషయంలో జరిగేది దీనికి తలకిందులు.

ఈ మాట టైలర్‌ను ఒప్పించడానికి సమయం పట్టింది. “ఇంకా పైకి తీస్తే చంకలో పట్టేస్తుంది సార్, తరువాత నన్ను అనకండి” అన్నారు మాస్టర్. ఆయన భయం న్యాయమైనదే, ఎందుకంటే కత్తిరించిన గుడ్డను తిరిగి అతికించలేరు. అందుకని చవకైన లాంగ్‌క్లాత్ ఇచ్చి, జేబూ కాజాలూ లేకుండా నమూనా చొక్కా ఒకటి కుట్టించాను. నాకు బాగా నప్పిన పాత చొక్కా చంక కంటే ముప్పావు అంగుళం పైకి పెట్టారు. తొడుక్కుని చేతులు పైకెత్తినప్పుడు కింది అంచు దాదాపు కదలకపోవడం చూసి, ఆ కొలతను ఆయనే తన పుస్తకంలో నా పేరు కింద రాసుకున్నారు.

కుట్టు నాణ్యతను చూసే పద్ధతి కూడా ఇప్పుడు కుదురుకుంది. పక్క కుట్టు మీద స్కేలు పెట్టి అంగుళానికి ఎన్ని కుట్లు ఉన్నాయో లెక్కపెడతాను. 16 నుంచి 18 ఉంటే శ్రద్ధగా కుట్టినట్టు, 10 ఉంటే తొందరపని. చొక్కాను తిరగేసి, లోపలి అంచులు మడిచి కుట్టారా లేక ఓవర్‌లాక్‌తో (అంచు పీచు లేవకుండా మెషిన్‌తో దారం చుట్టే కుట్టు) సరిపెట్టారా అని చూస్తాను. గళ్ళ చొక్కా అయితే జేబు మీది గళ్ళు ఒంటి గళ్ళతో కలవాలి. గుండీ కింద దారం చుట్టి చిన్న కాడలా నిలబెట్టి ఉంటే ఆ గుండీ త్వరగా ఊడదు. కాలర్ లోపల వేడితో అతికించిన పొర నాసిరకమైతే కొన్ని ఉతుకుల తరువాత బుడగలు లేస్తుంది, కానీ కొనేటప్పుడు అది బయటపడదు.

గుడ్డ విషయంలో ప్రస్తుతం మంగళగిరి నూలు మీద ఉన్నాను. నేత దట్టంగా ఉండటంతో సన్నని ఒంటి మీద వేలాడకుండా రూపం నిలుపుకుంటుంది. అదే మెత్తగా జారే గుడ్డ అయితే ఎముకల మీద అతుక్కుని మనిషిని ఇంకా సన్నగా చూపిస్తుంది. చేనేత గుడ్డ కుట్టించడానికి ముందు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరబెట్టడం తప్పనిసరి. నానబెట్టే ముందు నిలువుగా 50 సెంటీమీటర్ల గీత గుర్తుపెట్టి, ఆరాక కొలిస్తే నా గుడ్డలో అది 48.5కు వచ్చింది. అంటే 3 శాతం. ఆ లెక్కన 30 అంగుళాల పొడవు చొక్కాలో దాదాపు ఒక అంగుళం పోతుంది. నానబెట్టకుండా కుట్టిస్తే, ఎంత జాగ్రత్తగా తీసిన కొలతలైనా మొదటి ఉతుకుతోనే మారిపోతాయి. 58 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) ఉన్న మిల్లు గుడ్డ ఫుల్ హ్యాండ్స్ చొక్కాకు 1.6 మీటర్లు చాలు గాని, పన్నా తక్కువగా ఉండే చేనేతకు 2.5 మీటర్లు తీసుకుంటున్నాను.

కాలర్ పని ఇంకా మిగిలింది. నా మెడ పొడుగు కావడంతో మామూలు ఎత్తు కాలర్ పట్టీ మెడ మొదట్లోనే ఆగిపోతున్నది. దాన్ని పావు అంగుళం పెంచి, చుట్టుకొలత పదిహేను అంగుళాల దగ్గరే ఉంచి, తరువాతి లాంగ్‌క్లాత్ నమూనాలో చూడాలి. అది కుదిరాక పొందూరు ఖద్దరుతో ఒక చొక్కా కుట్టించాలని ఉంది. చేత్తో వడికిన నూలు కాబట్టి ఎంత కుంచించుకుంటుందో మంగళగిరి లెక్కతో ఊహించకుండా, ఆ గుడ్డ మీద కూడా 50 సెంటీమీటర్ల గీత గీసే మొదలుపెడతాను.