హాస్కెల్‌లో + గుర్తు ఏ రకానికి చెల్లుతుంది?

హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో కొత్త గణిత రకాన్ని (టైపును) నిర్వచించుకున్నవారు దాని విలువలను కూడా మామూలు సంఖ్యల్లాగే + గుర్తుతో కలపాలనుకోవడం సహజం. 1989లో ఫిలిప్ వాడ్లర్, స్టీఫెన్ బ్లాట్ వివరించిన టైప్ క్లాసులు, అంటే ఒకే గుర్తుకు ఒక్కో రకానికి ఒక్కో నిర్వచనం ఇచ్చుకునే ఏర్పాటు, ఆ వీలు కల్పించాయి. అయితే ప్రామాణిక + ఒక్కటే విడిగా దొరకదు. నమ్ (Num) అనే క్లాసులో అది తీసివేత, గుణకారం, పరమమూల్యం, విలువ ధనమో రుణమో చెప్పే సిగ్నమ్, పూర్ణాంకాన్ని మన రకంలోకి మార్చే ఫ్రమ్‌ఇంటీజర్‌లతో కలిసి ఉంటుంది. ప్రోగ్రాములో 2 అని రాస్తే కంపైలర్ (కోడ్‌ను యంత్రం నడపగల రూపంలోకి మార్చే ప్రోగ్రాము) దాన్ని ఫ్రమ్‌ఇంటీజర్ ద్వారానే అక్కడ కావలసిన రకంలోకి తెస్తుంది. ఒక రకం నమ్‌లో చేరదగినదో కాదో ఈ ఒక్క ఫంక్షన్ దగ్గరే చాలావరకు తేలిపోతుందని నా అభిప్రాయం.

డ్యూయల్ సంఖ్యలను చూడండి. ఒక విలువను, దాని అవకలజాన్ని జంటగా ఉంచుకునే రకమిది. కూడితే రెండు భాగాలూ వేటికవి కలుస్తాయి. గుణిస్తే మొదటి భాగంలో విలువల లబ్ధం, రెండవ భాగంలో ఇంటర్మీడియట్‌లో చదువుకున్న లబ్ధ సూత్రం వస్తాయి. స్థిరాంకపు అవకలజం సున్నా కనుక 2 అన్నది (2, 0) అవుతుంది, ఇందులో సందేహానికి తావే లేదు. అందువల్ల నమ్‌లోని ఏ రకానికైనా పనిచేసేలా రాసిన x³ + 2x ఫంక్షన్‌కు (3, 1) ఇస్తే (x అవకలజం 1 కనుక), అందులో ఒక్క అక్షరం మార్చకుండానే (33, 29) వస్తుంది: 3 వద్ద విలువ 33, అవకలజం 29. ఆటోమేటిక్ డిఫరెన్సియేషన్‌లో, అంటే అవకలజాలను ప్రోగ్రాముతోనే లెక్కకట్టించడంలో, ఒక పద్ధతికి పునాది ఇదే. పరమమూల్యానికి సున్నా వద్ద అవకలజం లేదన్నది నిజమే కానీ, ఆ చిక్కు గణితానిదే తప్ప క్లాసుది కాదు.

వెక్టర్ల సంగతి వేరు. కూడిక స్పష్టమే, కానీ గుణకారం మాటేమిటి? డాట్ లబ్ధం ఇచ్చేది వెక్టర్‌ను కాదు, సంఖ్యను. కాబట్టి నమ్ కోరే టైపుకు అది సరిపోదు. భాగాలను వేటికవి గుణిస్తే కంపైలర్ ఒప్పుకుంటుంది గానీ, అక్షాలను తిప్పగానే ఆ ఫలితానికి జ్యామితీయ అర్థం మిగలదు. ఇక 1 అంటే (1, 1) అనుకోవాలా, (1, 0) అనుకోవాలా? ఏది ఎంచుకున్నా, ఎవరైనా పొరపాటున v + 1 అని రాస్తే అది నిశ్శబ్దంగా కంపైలై తప్పు బిందువును ఇస్తుంది. గుణకారాన్ని నిర్వచించకుండా వదిలేస్తే కంపైలర్ హెచ్చరించి ఊరుకుంటుంది, అసలు లోపం ప్రోగ్రాము నడిచేటప్పుడు బయటపడుతుంది.

అందుకే వెక్టర్-స్పేస్ లైబ్రరీ కూడికకు ^+^ అనే వేరే గుర్తును పెట్టుకోవడం నాకు నచ్చుతుంది. సూత్రాలు చూడటానికి కొంత బరువెక్కుతాయి, అయినా ఆ మాత్రం భరించవచ్చు. స్కేలార్‌తో, అంటే మామూలు సంఖ్యతో, వెక్టర్‌ను గుణించడానికి అందులో *^ ఉంది. దానికి ఎడమవైపు స్కేలార్, కుడివైపు వెక్టర్ ఉండాలని టైపే చెబుతుంది కనుక, దానితో రెండు వెక్టర్లను గుణించబోతే ఆ కోడ్ కంపైలే కాదు.