కార్వర్ సీసా చూడడానికి ఏడు వారాలు

టస్కీగీలోని కార్వర్ మ్యూజియానికి నేను రాసిన మొదటి ఈమెయిల్‌కు వచ్చిన జవాబు రెండే లైన్లు. మర్యాదగా పలకరించి, “మీరు చూడాలనుకుంటున్నది ఏ వస్తువు?” అని అడిగారు. నేను రాసింది ఒక పేజీ. మాది కదిరి దగ్గర పల్లె అనీ, మా నాయన ముప్పై ఏళ్లుగా వేరుశనగ వేస్తున్నాడనీ, వేరుశనగ మీద పనిచేసిన అమెరికా నల్లజాతి శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ అంటే మా ఇంట్లో ఎంత గౌరవమో, ఆయన వాడిన వస్తువులు చూడాలని ఎన్నాళ్లుగా అనుకుంటున్నానో అన్నీ రాశాను. ఏ వస్తువో రాయలేదు. నిజానికి అప్పటికి నాకే తెలియదు.

నేను అలబామాలో ఆబర్న్ యూనివర్సిటీలో మొక్కల తెగుళ్ల మీద పరిశోధన చేస్తున్నాను. వేరుశనగలో ఆకుమచ్చ తెగులు నా పని. మన దగ్గర టిక్కా తెగులు అంటామే, అదే. కార్వర్ పనిచేసిన కాలేజీ ఉన్న ఊరు టస్కీగీ, ఆబర్న్ నుంచి ఇరవై మైళ్ల దూరం. రెండేళ్లు ఆ హైవే మీద ఆ బోర్డు చూస్తూ వెళ్లిపోయాను. చిన్నప్పుడు మా సైన్సు సారు కార్వర్ గురించి చెప్పింది నాకింకా గుర్తుంది, పీనట్ బటర్ కనిపెట్టిన మహానుభావుడని. అది నిజం కాదు. కార్వర్ టస్కీగీకి రాకముందే దాని మీద పేటెంట్లు ఉన్నాయి. ఆయన చేసిన పని అంతకంటే చాలా పెద్దది. ఆ సంగతి ఎక్కువమందికి తెలియకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

బానిసత్వం నుంచి బయటపడినవాళ్ల పిల్లలకు తెల్లవాళ్ల కాలేజీల్లో చోటు లేని రోజుల్లో, వాళ్ల కోసం పెట్టిన కాలేజీలు అమెరికాలో ఇప్పటికీ వంద దాకా ఉన్నాయి. వాటిలో ఒకటైన వర్జీనియాలోని హాంప్టన్‌లో 1868 నుంచే మ్యూజియం ఉంది. టస్కీగీ కూడా అలాంటి కాలేజీయే, దాన్ని 1881 జులై 4న నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ మొదలుపెట్టారు. అక్కడి పాత కట్టడాలకు ఇటుకలు కాల్చింది, గోడలు లేపింది విద్యార్థులే. కార్వర్ 1896లో అయోవా నుంచి వచ్చేసరికి వ్యవసాయ శాఖకు ల్యాబ్ అంటూ ఏమీ లేదు. పిల్లల్ని వెంటబెట్టుకుని చెత్తకుప్పల్లో తిరిగి, పారేసిన సీసాలు, పగిలిన పింగాణీ గిన్నెలు, తీగముక్కలు ఏరుకొచ్చి ల్యాబ్ తయారుచేసుకున్నారు. ఈ సీసాల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఆ రెండు లైన్ల జవాబు తర్వాత నాకు అర్థమైన మొదటి విషయం, నేను ఒకే చోటు అనుకున్నది నిజానికి రెండు చోట్లు. క్యాంపస్ మధ్యలో ఉన్న కార్వర్ మ్యూజియం నేషనల్ పార్క్ సర్వీస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ చేతిలో ఉంది. 1974లో టస్కీగీని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించాక వచ్చిన ఏర్పాటు ఇది. కార్వర్ ఉత్తరాలు, కాగితాలు మాత్రం యూనివర్సిటీ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. ఒకే మనిషి సీసా ఒకరి దగ్గర, ఆ సీసా గురించి రాసిన ఉత్తరం ఇంకొకరి దగ్గర ఉండొచ్చన్నమాట. ఎవరిని ఏది అడగాలో తెలియక, వస్తువుల గురించి ఒకరినీ కాగితాల గురించి మరొకరినీ అడగాల్సింది, ఇద్దరికీ రెండూ రాశాను. దాంతో మూడు వారాలు పోయాయి. తప్పు నాదే. ఎవరైనా ఈ దారిలో వెళ్లేవాళ్లుంటే ముందు ఇది తేల్చుకోండి: మీకు కావలసింది వస్తువా, కాగితమా?

నేను వస్తువు వైపు వెళ్లాను. కేటలాగ్‌లో ఆన్‌లైన్ పెట్టినవి కొన్ని ఉన్నాయి. నాలుగు సాయంత్రాలు కూర్చుని చూశాను. మైక్రోస్కోపు, నమూనా సీసాలు, ఆయన చేత్తో చేసిన కుట్లు అల్లికలు. ప్రతి దానికీ ఒక నంబరు. నంబరు ముందు టి-యు-ఐ-ఎన్ అని నాలుగు అక్షరాలు, అంటే టస్కీగీ సొత్తు అని గుర్తు. ఇక్కడ నన్ను తికమక పెట్టింది, ఒకే వస్తువుకు రెండు నంబర్లు ఉండడం. ఒకటి యాక్సెషన్ నంబరు. ఆ వస్తువు ఎప్పుడు, ఎవరి దగ్గర్నుంచి, ఎలా మ్యూజియం చేతికొచ్చిందో చెప్పేది. ఒకే రోజు ఒకే చేతి మీదుగా యాభై వస్తువులు వస్తే యాభైకీ అదే నంబరు. రెండోది కేటలాగ్ నంబరు, అది ఒక్కో వస్తువుకు విడిగా ఉంటుంది. మన దగ్గర ఇంటిపేరూ సొంత పేరూ ఉన్నట్టు అనుకుంటే సులువు. అడిగేటప్పుడు కేటలాగ్ నంబరు రాయాలి.

రెండోసారి పంపిన ఫారంలో రెండు వస్తువులే రాశాను. వేరుశనగ నమూనా సీసా ఒకటి, అల్లిక ముక్క ఒకటి. ఎందుకు చూడాలి, ఎంతసేపు, ఫొటో తీస్తానా, తీస్తే ఎక్కడ వాడతాను, తాకాల్సిన అవసరం ఉందా, లేక చూస్తే చాలా, అన్నీ విడివిడిగా అడిగారు. తాకాల్సిన అవసరం అన్న చోట చాలాసేపు ఆగాను. తాకాలని కోరిక ఉంది, అవసరం లేదు. “లేదు” అని రాశాను. తర్వాత తెలిసింది, నిజాయితీగా రాసే ఆ ఒక్క మాట వాళ్లకు ఎంత సాయమో. అరుదైన వస్తువును ఒకసారి బయటికి తీసి, బల్ల మీద పెట్టి, మళ్లీ లోపల పెట్టడం కూడా దానికి ఒక ప్రయాణమే. మొదటి ఈమెయిల్ నుంచి అపాయింట్‌మెంట్ తేదీ వరకు మొత్తం ఏడు వారాలు పట్టింది. అందులో ఎక్కువ భాగం నా అడగడం సరిగ్గా లేకనే.

ఆ రోజు ఉదయం చాలా టెన్షన్‌గా ఉంది. బ్యాగు, నీళ్ల బాటిల్, కోటు బయటే పెట్టించారు. పెన్ను కూడా లోపలికి రానివ్వరు, పెన్సిలే. ఇంకు చుక్క పడితే పోదు కాబట్టి. చేతికున్న గాజులు, వాచీ, ఉంగరం తీసేయమన్నారు. అమ్మ పెట్టిన గాజులు తీయడం మనసుకు కష్టమనిపించింది గానీ, గాజు అంచు వస్తువుకు ఒక్కసారి గీసుకుంటే చాలు కదా. రిజిస్టర్‌లో పేరు, సమయం, చూడబోయే నంబర్లు రాసి సంతకం పెట్టాను. తాకను అని చెప్పినా నీలం రంగు నైట్రైల్ గ్లోవ్స్ ఇచ్చారు. గ్లోవ్స్ వస్తువు కోసం అనుకున్నాను. సగమే నిజమట. పాత కాలంలో ఎండబెట్టిన మొక్కలకు, పురుగుల నమూనాలకు పురుగు పట్టకుండా పాదరసం, ఆర్సెనిక్ పూసేవాళ్లు. అందుకని ఏ మ్యూజియం స్టోర్‌లోనైనా పాత నమూనాల దగ్గర గ్లోవ్స్ మన ఒంటి మేలు కోసం కూడా.

సీసాను రెండు చేతులతో, ఒక చెయ్యి అడుగున పెట్టి తీసుకొచ్చి తెల్లటి ఫోమ్ మీద ఉంచారు. నా బొటనవేలంత లావు, అరచేతిలో సగం ఎత్తు. మందపాటి గాజు, ఒక పక్క చిన్న గాలిబుడగ. అడుగున ముదురు గోధుమ రంగు పొడి, మన ఇంట్లో ధనియాల పొడి డబ్బా అడుగున మిగిలే పొడిలా, ఒక వైపుకు ఒరిగి గట్టిపడింది. మూత తీయరు, తీయమని అడగకూడదు. మీద కాగితపు లేబుల్ సగం ఊడిపోయింది. మిగిలిన సగంలో అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి. ఆ సీసాను మాత్రమే నా చేతికిచ్చి ఇది ఏమిటో చెప్పమంటే నేను చెప్పలేను, నా చదువంతా కలిపినా. పక్కన పెట్టిన ఫోల్డర్‌లోని కాగితమే చెప్పింది అది వేరుశనగ నుంచి వచ్చిందని. వేరుశనగ నుంచి దాదాపు 300, చిలగడదుంప నుంచి వందకు పైగా పదార్థాలు ఆయన లెక్కలో ఉన్నాయి. వాటిలో చాలావాటికి బజారులో గిరాకీ రాలేదు. కానీ ఆయన ఇవి చేసింది బజారు కోసం కాదు. పత్తి మీద పత్తి వేసి నేల సారం పోయి, ఆపైన 1910 ప్రాంతంలో బోల్ వీవిల్ అనే పురుగు అలబామాకు చేరి పత్తిని తినేస్తుంటే, కౌలుకు చేసుకునే నల్లజాతి రైతులకు వేరే దారి చూపాలి. వేరుశనగ నేలకు నత్రజని ఇస్తుంది. అయితే వేసిన పంట ఏం చేసుకోవాలి అని రైతు అడుగుతాడు కదా, ఆ ప్రశ్నకు జవాబే ఆ సీసాలు.

అనంతపురంలో వేరుశనగ రైతు కూడా అదే అడుగుతాడు. ధర పడిపోయిన ఏడాది మా ఇంట్లో మూటలు వసారాలో అలాగే ఉండిపోవడం చూశాను.

అల్లిక ముక్క చూసినప్పుడు నాకు తెలియకుండానే కళ్లు చెమర్చాయి. ప్రపంచం శాస్త్రవేత్త అని గుర్తుపెట్టుకున్న మనిషి సూదీ దారం పట్టుకుని కూర్చుని అల్లిన లేసు. కుట్టు ఎంత సమంగా ఉందంటే, మా పెద్దమ్మ అల్లిన టీవీ కవరు గుర్తొచ్చింది. ఆయన బొమ్మలు కూడా వేసేవారు. 1893 చికాగో ప్రదర్శనకు వెళ్లిన యుక్కా మొక్క చిత్రం ఆయనదే. మ్యూజియం 1941లో హెన్రీ ఫోర్డ్ చేతుల మీదుగా ప్రారంభమైంది, అంతకుముందు అది కాలేజీ లాండ్రీ. కార్వర్ తను దాచుకున్న డబ్బు, దాదాపు అరవై వేల డాలర్లు, ఈ మ్యూజియానికీ తన పేరిట పెట్టిన ఫౌండేషన్‌కూ ఇచ్చేశారు. 1943 జనవరి 5న పోయారు. నాలుగేళ్లు తిరక్కుండానే, 1947లో మ్యూజియంలో మంటలు లేచాయి. ఆయన చిత్రాల్లో చాలావరకు కాలిపోయాయి. యుక్కా చిత్రం మాత్రం మిగిలింది, తర్వాత దాన్ని బాగు చేశారు.

ఈ అగ్నిప్రమాదం గురించి తెలిశాక ఫారాలు, నంబర్లు, పెన్సిల్ నియమాల మీద నాకున్న విసుగు పూర్తిగా పోయింది. ఒకసారి అంత పోగొట్టుకున్న చోట, మిగిలిన ప్రతి సీసానూ లెక్కపెట్టి, నంబరు వేసి, దాని పరిస్థితి రాసి ఉంచుతారు. లేబుల్ ఎంత ఊడిందో, ఎక్కడ పగులుందో, మొన్న చూసినప్పటికీ ఇవాళ్టికీ తేడా ఉందో లేదో. ఊడిన లేబుల్‌ను ఎవరూ జిగురు పెట్టి అతికించరు కూడా. ఊడిన ముక్కను చిన్న కవర్లో పెట్టి అదే నంబరు వేసి పక్కనే ఉంచుతారు. ఆ కవరు చూసి చాలాసేపు మాట్లాడలేకపోయాను.

నాకిచ్చిన సమయం రెండు గంటలు. గంటన్నరకే అయిపోయింది. వెళ్లేముందు క్యాంపస్‌లోనే బుకర్ టి. వాషింగ్టన్ సమాధి పక్కన ఉన్న కార్వర్ సమాధి దగ్గర కాసేపు నిలబడ్డాను.

ఆ రాత్రి, అంటే మన దగ్గర తెల్లారాక, నాయనకు ఫోన్ చేశాను. సీసా గురించి, లేసు గురించి చెప్పాను. అన్నీ విని అడిగాడు:

“అదంతా సరేమ్మా, ఆ సారు ఏ రకం ఏసినాడు? గుత్తి రకమా, తీగ రకమా?”

నా దగ్గర జవాబు లేదు. ఇన్ని వారాలుగా నేను అడగాల్సిన ప్రశ్న ఇదేనని అప్పుడు తట్టింది. మర్నాడు 1916లో కార్వర్ రాసిన 31వ బులెటిన్ నకలు తీశాను. వేరుశనగ ఎలా పండించాలి, దానితో 105 రకాలుగా ఏం వండుకోవచ్చు అని రైతుల కోసం రాసిన చిన్న పుస్తకం అది. వంటకాల గురించి అందరూ చెబుతారు. పంట గురించిన మొదటి పేజీలు ఎవరూ చెప్పరు. అందులో ఆయన తాము పండించి చూసిన రకాల్లో అన్నిటికంటే ముందు చెప్పినది స్పానిష్ రకం. చెట్టు చిన్నదనీ, నిటారుగా పెరుగుతుందనీ, కాయలు దాదాపు అన్నీ తల్లివేరు చుట్టూనే ఉంటాయనీ రాశారు. ఫోన్లో నాయనకు తెలుగులో చెప్పాను.

“పీకితే కాయంతా చెట్టుతోనే వస్తాదన్నమాట. మన టీఎంవీ-2 మాదిరే కదమ్మా!” అన్నాడు.

టీఎంవీ-2 స్పానిష్ గుత్తి రకమే. అనంతపురంలో కొన్ని దశాబ్దాల పాటు రైతులు వదలకుండా వేసిన విత్తనం అది. ఇప్పుడు మా నాయన కదిరి-6 వేస్తున్నాడు గానీ, ఆ పాత విత్తనం పేరు చెప్పగానే ఆయన గొంతు మారింది. ఇంకోసారి చదవమన్నాడు. చదివాను.

“టిక్కా గురించి ఏమన్నా రాసినాడా ఆ సారు?” అని అడిగాడు చివర్లో.

కార్వర్ శిలీంధ్రాల నిపుణుడు కూడా. 1902లోనే ఆయన టస్కీగీలో సేకరించిన వాటిలో కొత్త జాతులు దొరికాయి, కొన్నిటికి ఆయన పేరే పెట్టారు. 1935లో అమెరికా వ్యవసాయ శాఖ తెగుళ్ల సర్వేలో ఆయన్ను సహకారిగా తీసుకుంది. ఆయన పంపిన నమూనాలు కొన్ని మేరీలాండ్‌లోని బెల్ట్స్‌విల్‌లో, దేశంలోకెల్లా పెద్ద శిలీంధ్రాల సేకరణలో ఉన్నాయి. నిన్న రాత్రి అక్కడికి ఫారం పంపాను. ఈసారి మొదటి లైన్లోనే నంబరు రాశాను.