మొంథా తర్వాత మా చేలు

మా కోనసీమలో పెద్దవాళ్లు ఏ తుఫానునైనా 1996తోనే పోలుస్తారు. ఆ నవంబరు 6 రాత్రి కొబ్బరితోటలు కూకటివేళ్లతో కూలిపోయాయి. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథాకి అంత గాలి లేదు. కానీ సార్వా (ఖరీఫ్) వరి చేలు అప్పుడే పాలు పోసుకుంటున్నాయి. మర్నాడు గట్టు మీద నిలబడి చూస్తే చేనంతా చాప పరిచినట్టు పడి ఉంది. గింజ నొక్కితే ఇంకా తెల్లటి పాలే.

2023 డిసెంబరులో మిగ్‌జాం వచ్చినప్పుడైతే కోసిన పనలు నానిపోయి మొలకలొచ్చాయి. అందుకే నా టెన్షన్ గాలి వేగం గురించి కాదు, మురుగు కాలువల గురించి. నీళ్లు త్వరగా లాగేస్తే పడ్డ చేను కూడా ఎంతో కొంత దక్కుతుంది. వేసవిలోనే డ్రెయిన్లలో గుర్రపుడెక్క తీయించండి, దయచేసి.