తాతయ్యది ఏ ఆర్మీ?

“తాతయ్యది మన ఆర్మీ కాదు కదమ్మా. నేనీ కాగితం ఇవ్వను” అన్నాడు మా వాడు.

ఇంట్లో సైన్యంలో పనిచేసినవాళ్ళు ఉంటే, అమెరికాలో మాజీ సైనికులను గౌరవించే వెటరన్స్ డేకి తీసుకురండి, పేరు రాసి పంపండి అని స్కూలు వాళ్ళు ఇచ్చిన కాగితం అది. నాన్న ఆ నెలల్లో మా దగ్గరే ఉన్నారు. ముందూ వెనకా చూడకుండా ఆయన పేరు రాసేశాను. పక్కనే మద్రాస్ శాపర్స్ అని కూడా చేర్చాను, ఇండియా సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే దళం అది. టీచరుకి అదేమిటో తెలియదని తెలిసే రాశాను, అడిగితే చెప్పుకోవచ్చు కదా అని.

వాడు వద్దనేసరికి నాకు రోషం వచ్చి చరిత్ర పాఠం మొదలుపెట్టాను. వెటరన్స్ డే జరిపే నవంబర్ 11 అంటే 1918లో మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన రోజు, ఈ దేశంలోనే 1954 దాకా ఆర్మిస్టిస్ డే, అంటే యుద్ధవిరమణ రోజు అనేవాళ్ళు, ఆ యుద్ధానికి మన దేశం నుంచి పది లక్షల మందికి పైగా సముద్రాలు దాటి వెళ్ళారు, పశ్చిమ గోదావరిలో మాధవరం అనే ఊరి నుంచి ఎంతమంది వెళ్ళారంటే దాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు... వాడు ఓపిగ్గా విన్నాడు. “తాతయ్య ఆ యుద్ధంలో ఉన్నాడా?” అన్నాడు. లేరు. “మరి?” అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు గానీ పట్టుదల ఉంది. టీచరుకి ఉత్తరం రాస్తే, ఏ దేశం సైన్యమైనా సంతోషంగా రమ్మంది. చివరికి నాన్నే రానన్నారు. “వాళ్ళ పెద్దవాళ్ళ రోజమ్మా అది. మధ్యలో నేనెందుకు?” అన్నారు. మనవడూ తాతా ఒకటైపోయారు, నేను మిగిలాను.

ఇందులో పెద్ద తమాషా ఏమిటంటే, మా ఇంట్లోకి బొమ్మ తుపాకీ రానివ్వను. నీళ్ళ తుపాకీ కూడా. పుట్టినరోజుకి ఎవరో ఇస్తే మర్నాడే షాపులో తిరిగి ఇచ్చేసి వచ్చాను. యుద్ధం ఎంత చెడ్డదో వాడికి చిన్నప్పటి నుంచి నూరిపోశాను. అదే మనిషిని, నాన్న అడగకపోయినా ఆయన మెడల్స్ చీర మడతల్లో పెట్టి ఇండియా నుంచి మోసుకొచ్చాను. అవి పెట్టుకుని ఆయన స్కూలు స్టేజి మీద నిలబడాలని, అందరూ చప్పట్లు కొట్టాలని నా ఆశ. గౌరవం ఆయనకా, నాకా అని మా ఆయన ఒకసారి అడిగి, నా మొహం చూసి ఊరుకున్నారు.

తర్వాత ఒక శనివారం, పై గదిలోని సోఫాని గరాజ్‌లోకి దించాల్సి వచ్చింది. స్నేహితుల కుటుంబాలు వచ్చాయి, ఐటీ మగవాళ్ళు ఆరుగురు తలోవైపు లాగుతున్నారు. నాన్న కుర్చీలోంచి లేచి, ఎవరు ఎటు పట్టుకోవాలో, ఎవరి పొడుగుకి ఎవరు జోడీనో చెప్పి, “నేను చెప్పేదాకా ఎత్తొద్దు” అన్నారు. డెబ్బై అయిదు దాటిన మనిషి గొంతులో అంత ఖంగుమనే మాట నేను ఎన్నడూ వినలేదు. మెట్ల మలుపులో కూడా గోడకి గీత పడలేదు. మా వాడు నోరు తెరుచుకుని చూశాడు.

ఆ రాత్రి వాడికి బెయిలీ బ్రిడ్జి గురించి చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో డోనాల్డ్ బెయిలీ అనే ఇంగ్లీషు ఇంజనీరు తయారుచేసిన వంతెన అది. క్రేన్ అక్కర్లేదు. ఒక్కో ప్యానెల్ పది అడుగులు, దాదాపు 260 కిలోలు, ఆరుగురు కలిసి మోస్తారు. ఒక్కడు ముందు ఎత్తినా, ఒక్కడు ముందు దించినా ఇంకొకడి నడుం విరుగుతుంది. అందుకే మాట మీద ఎత్తాలి, మాట మీద దించాలి. 2024లో వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డప్పుడు చూరల్‌మల దగ్గర 190 అడుగుల బెయిలీ వంతెన కట్టింది మద్రాస్ శాపర్సే. ఆ వీడియో నాన్న ఫోన్లో ఇంకా ఉంది. మా వాడికి చూపిస్తూ, ఎవరి చెయ్యి ఎక్కడుందో వేలితో చూపించారు. నాకు ఆ వీడియో అంతకుముందే పంపారు. నేను చప్పట్ల బొమ్మ ఒకటి నొక్కి వదిలేశాను.

అప్పటి నుంచి నాకో సిద్ధాంతం పుట్టింది, కనిపించిన ప్రతి స్నేహితురాలికీ చెప్పాను. ఇంట్లో మాజీ సైనికులుంటే పిల్లల చేత యుద్ధం గురించి అడిగించకండి, పని గురించి అడిగించండి. “ఎవరినైనా చంపావా?” అనేది పిల్లల మొదటి ప్రశ్న, దానికి పెద్దాయన ముడుచుకుపోతారు. “ఆ ముడి ఎలా వేస్తారు?” అంటే చెయ్యి తాడు వెతుక్కుంటుంది, మాట దాని వెనకే వస్తుంది.

మా వాడికి స్కూల్లో నవహో అనే అమెరికా ఆదివాసీ తెగ సైనికుల గురించి చెప్పారు కాబట్టి నా సిద్ధాంతానికి అది కూడా కలిసొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో తమ భాషతోనే సంకేతాలు కట్టిన మొదటి జట్టు 29 మంది. 1968 దాకా ఆ సంగతి రహస్యమే, బంగారు పతకాలు 2001లో గానీ రాలేదు. ఆ జట్టులో ఆఖరివాడు చెస్టర్ నెజ్ 2014లో పోయాడు. చిన్నప్పుడు బోర్డింగ్ స్కూల్లో ఆ భాష మాట్లాడినందుకు ఆయన నోరు సబ్బుతో కడిగించారు. చూశావా, ఇంట్లో మాట ఎందుకు పనికొస్తుందో అని వాడికి ఆదివారం తెలుగు క్లాసు గుర్తుచేశాను. “తెలుగుతో కోడ్ చెయ్యమంటావా?” అన్నాడు. సందు దొరికితే చాలు, తెలుగు క్లాసు దూర్చేస్తాను. అదో జబ్బు.

అయితే సిద్ధాంతం నెల తిరక్కముందే నన్ను ఇబ్బందిలో పెట్టింది. పని గురించి అడగమన్నాను కదా. వాడు అడిగాడు. వంతెనలు, తాడు ముడులు అయిపోయాయి. “ఇంకేం పనులు చేసేవాడివి?” అన్నాడు. “మందుపాతరలు తీసేవాళ్ళం” అన్నారు నాన్న.

1971 డిసెంబర్‌లో, పాకిస్తాన్‌తో యుద్ధంలో బసంతర్ నది దగ్గర, పాకిస్తాన్ పరిచిన మందుపాతరల మధ్య ట్యాంకులకు దారి చేసింది శాపర్సే. ఆ దారి పూర్తికాకముందే పూనా హార్స్ అనే మన ట్యాంకుల దళం అందులోకి దిగింది. పరమవీర చక్ర వచ్చిన అరుణ్ ఖేత్రపాల్ 21 ఏళ్ళకి చనిపోయింది అక్కడే. నాన్నది కూడా అప్పుడు దాదాపు అదే వయసు. ఆయన ఆ సెక్టార్‌లో ఉన్నారని తెలుసు. ఏం చేశారని నేను ఎప్పుడడిగినా “ఏముందమ్మా, డ్యూటీ” అనేవారు. వాడికి మాత్రం పేపర్ నైఫ్ పట్టుకుని చూపించారు, నేలలోకి నిటారుగా కాదు, ఏటవాలుగా గుచ్చాలని.

“నువ్వు కూడా పాతావా?”

“పాతాం. అదీ మా పనే.”

“అన్నీ మళ్ళీ తీసేశారా?”

పాతిన ప్రతిదానికీ లెక్క రాస్తామని చెప్పారు నాన్న. కదలని గుర్తు ఒకటి చూసుకుని, అక్కడి నుంచి ఏ దిక్కుకి ఎన్ని అడుగులో రాసి పైవాళ్ళకి ఇస్తారు. తీసేటప్పుడు ఆ కాగితమే ఆధారం. “వానకి నేల కదిలితే?” అన్నాడు వాడు. నాన్న కాసేపు ఆగి, “కదులుతాయి” అన్నారు.

మందుపాతరలను నిషేధిస్తూ 1997లో ఒప్పందం వచ్చింది. ఇండియా అందులో చేరలేదు, అమెరికా చేరలేదు. మన ఆర్మీ ఏదని నేనూ వాడూ అంత వాదించుకున్నామా, ఈ విషయంలో ఏదైనా ఒకటే.

పని వేరు, యుద్ధం వేరు అని నేను ఎంత సులువుగా విడదీశాను! వంతెన వీడియో వరకు బాగానే ఉంది. ఆ కత్తి వాలు చూశాక ఆ చేతి నైపుణ్యానికి చప్పట్లు కొట్టాలో, అది నేర్చుకోవలసి వచ్చినందుకు బాధపడాలో తెలియలేదు. ఆపుదామా అంటే నాన్న మళ్ళీ “ఏముందమ్మా”లోకి వెళ్ళిపోతారు. ఆపకపోతే వాడికి ఇదంతా లెక్కల ఆటలా తలకెక్కుతుందేమోనని టెన్షన్. స్నేహితురాళ్ళకి సలహాలివ్వడం మాత్రం మానేశాను.

ఇప్పుడిద్దరూ దిక్సూచి పట్టుకుని పెరడంతా అడుగులతో కొలుస్తున్నారు. నీళ్ళ తుపాకీకి చోటు లేని ఇంట్లో మందుపాతరల మ్యాపా అని మా ఆయన నవ్వారు. గడ్డిలో ఆ సున్నం చుక్కలేమిటని పక్కింటావిడ కంచె మీదుగా అడిగితే, డ్రైనేజీ సర్వే అని చెప్పాను.